అచ్చుతప్పు దిష్టిచుక్క కాదు

పుస్తకావిష్కరణ సభల్లో ఒక మాట తరచు వినబడుతుంది. వక్తలు పుస్తకాన్ని మెచ్చుకుంటారు, రచయితకు శాలువా కప్పుతారు. చివరికి ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, "అక్కడక్కడా అచ్చుతప్పులు దొర్లాయి, వాటిని దిష్టిచుక్కలు అనుకుందాం" అంటారు. సభ హాయిగా నవ్వుకుంటుంది. ఆ పుస్తకం ఆ తప్పులతోనే గ్రంథాలయాలకు వెళ్తుంది, పరిశోధక విద్యార్థుల బల్లల మీదికి వెళ్తుంది, కొన్నేళ్ల తర్వాత వచ్చే రెండో ముద్రణలోకీ వెళ్తుంది.

ఆ మాట వెనక గట్టిగా పాతుకున్న అభిప్రాయం ఒకటి ఉంది. పుస్తకం బాగుంటే బాగుందని చెప్పాలి, లేకపోతే ఊరుకోవాలి. వత్తు పోయిందనీ సంవత్సరం తారుమారైందనీ పుటలు వెతకడం కోడిగుడ్డుకు ఈకలు పీకడం. అలా వెతికేవాడికి రచన రుచి తెలియదు, లేదా రచయిత మీద కడుపుమంట. సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ మాటలు అంటున్నారు కాబట్టి వీటికి జవాబు చెప్పాలనిపిస్తోంది. ఈ అభిప్రాయం మొదలంటా తప్పు. ఒక పుస్తకాన్ని నలుగురికి చదవమని చెప్పే మనిషీ, అందులో ఫలానా పుటలో ఫలానా తప్పు పడిందని రచయితకు చెప్పే మనిషీ ఒక్కరే కావాలి. ఆ రెండు పనులకూ మూలం ఒకటే.

తప్పులు ఎంచవద్దనేవారు మొదట వేమనను సాక్ష్యానికి పిలుస్తారు. తప్పులు ఎంచేవారి గురించి ఆయన పేరుతో ఉన్న పద్యం తెలుగు బడికి వెళ్లిన ప్రతివాడికీ నోటికి వచ్చు. ఆ పద్యం మాట్లాడేది మనిషి నడవడి గురించి, తన దోషం చూసుకోకుండా లోకం దోషాలు లెక్కపెట్టేవాడి గురించి. పుస్తకంలో పడిన తప్పుకు దాన్ని అడ్డం పెట్టడం న్యాయం కాదు. అసలు వేమన మనకు అచ్చులోకి ఎలా వచ్చాడో గుర్తుచేసుకుందాం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయ్ రాసిన పుస్తకంలో వేమన పేరు చూసి, ఆ పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఒక్క ప్రతి దొరికితే చాలనుకోలేదు. పలు చోట్ల నుంచి ప్రతులు తెప్పించాడు. ఒక తాటాకులో ఉన్న పాదం ఇంకోదానిలో వేరుగా ఉండేది. రాయసగాడు నిద్రమత్తులో వదిలేసిన అక్షరం ఒక ప్రతిలో, తనకు తోచినట్టు కలిపిన మాట మరొక ప్రతిలో. పండితులను కూర్చోబెట్టి వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. పదేళ్లకు, 1839లో, ఇంకా పెద్ద ముద్రణ తెచ్చాడు.

కడపలోని తన బంగళాలో బ్రౌన్ పండితులకు సొంత జీతంలోంచి డబ్బిచ్చి, అది చాలక అప్పులు కూడా చేసి, కావ్యాల ప్రతులు పోల్పించాడు. ఆ పనిలో తొంభై పాళ్లు చిన్న తప్పుల వేటే. ఏది రాయసగాడి పొరపాటు, ఏది కవి మాట అని అక్షరం అక్షరం దగ్గర ఆగడమే. ఈరోజు వేమన పేరు చెప్పి తప్పులు పట్టవద్దంటున్నవారు చదువుతున్న వేమన, తప్పులు పట్టిన మనిషి చేతుల మీదుగా వచ్చాడు.

రెండో వాదన కొంచెం బలంగా కనబడుతుంది. భావం అర్థమైతే చాలదా అంటారు. 'సంబంధం' అన్న చోట 'సంభందం' అని పడితే చదివేవాడు తనంతట తనే సరిచేసుకుంటాడు, నిజమే. పిల్లల పుస్తకంలో అయితే అదీ చిన్న విషయం కాదు, ఎందుకంటే పిల్లవాడికి ఆ అచ్చే ప్రమాణం. 'ప్రాథమిక' అన్న మాటను గోడ మీదా పుస్తకంలోనూ 'ప్రాధమిక' అని చూస్తూ పెరిగినవాడు దాన్ని అలాగే రాస్తాడు, రేపు అలాగే నేర్పుతాడు. అయినా ఆ తరగతి తప్పుల సంగతి పక్కన పెడదాం. కంటికి తప్పులా కనబడని తప్పులే అసలు ప్రమాదం. 1943 పడాల్సిన చోట 1934 పడితే ఏ వాక్యమూ కుంటదు. ఒక ఊరి పేరు బదులు అలాంటిదే మరో ఊరి పేరు పడితే భావం చక్కగా 'అర్థమవుతుంది', కానీ అర్థమైంది అబద్ధం.

1631లో లండన్‌లో రాజముద్రాపకులు రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకస్ అచ్చువేసిన బైబిల్లో పది ఆజ్ఞల దగ్గర ఒక్క చిన్న మాట జారిపోయింది. వ్యభిచరించకూడదు అనే ఆజ్ఞ వ్యభిచరించు అని పడింది. వాక్యం వ్యాకరణబద్ధంగానే ఉంది, చదవడానికి ఎక్కడా తట్టుకోదు. వాళ్లకు మూడు వందల పౌన్ల జరిమానా పడింది, ఆ ప్రతులు వెనక్కి తీసుకుని తగలబెట్టారు. అక్కడ అందరికీ కంఠస్థమైన వాక్యం కాబట్టి తప్పు బయటపడింది. మన స్థానిక చరిత్రల్లో, జీవితచరిత్రల్లో, గ్రామాల మీద రాసిన పుస్తకాల్లో పడే సంవత్సరాలూ పేర్లూ ఎవరికి కంఠస్థం? వాటికి ఆ పుస్తకమే ఏకైక ఆధారం. అక్కడ పడిన తప్పును పట్టగలిగేది ఆ ఊరి మనిషో, ఆ కుటుంబం మనిషో, ఆ విషయం బాగా తెలిసిన పాఠకుడో మాత్రమే. అతడి నోరు మూయిస్తే ఆ తప్పు చరిత్ర అయిపోతుంది.

డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుకునే పిల్లలను అడిగి చూడండి. ఒక పుస్తకంలో ఒక సంవత్సరం, మరో పుస్తకంలో మరో సంవత్సరం. పరీక్ష అయ్యాక వచ్చే కీ మీద అభ్యంతరం చెప్పాలంటే ప్రామాణిక పుస్తకంలో పుట చూపించాలి. ఆ పుటలోనే తప్పు ఉంటే ఆ పిల్లవాడు ఎక్కడికి పోవాలి? ఒక్క మార్కు దగ్గర ఉద్యోగం పోయే చోట, 'భావం ముఖ్యం, అంకె కాదు' అనే మాట అతడి ముందు అనగలమా?

అచ్చయిన తప్పు పాకే తీరు చూస్తే భయం వేస్తుంది. పాలకూరలో ఇనుము విపరీతంగా ఉందని ఒకప్పుడు లోకమంతా నమ్మడానికి కారణం, పందొమ్మిదో శతాబ్దపు జర్మను శాస్త్రవేత్త ఒకరు దశాంశ బిందువు తప్పు చోట పెట్టడమే అని చాలా పుస్తకాల్లో చదివి ఉంటారు. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హాంబ్లిన్ అనే వైద్యుడు రాసిన వ్యాసం తర్వాత ఈ కథ బాగా వ్యాపించింది. చిన్న తప్పు ఎంత చేటు చేస్తుందో చెప్పడానికి అందరూ దీన్నే ఉదాహరణగా చూపేవారు. 2010లో మైక్ సటన్ అనే అధ్యాపకుడు ఓపిగ్గా మూలాలు తవ్వుకుంటూ వెళ్తే, దశాంశ బిందువు జారిందనడానికి ఆధారమే దొరకలేదు. తప్పుల గురించి హెచ్చరించడానికి వాడిన కథనే ఎవరూ సరిచూడలేదు. ఒకరు రాశారు, రెండోవారు ఆయన్ని నమ్మారు, మూడోవారు ఇద్దరు రాశారు కదా అని నమ్మారు. ఈ గొలుసు తెగాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఆగి 'ఇది ఎక్కడిది?' అని అడగాలి. తప్పు చూపించేవారికీ ఇందులో పాఠం ఉంది: చూపించే ముందు మూలం చూడాలి.

మూడో వాదన గిడుగు పేరుతో వస్తుంది. వ్యావహారిక భాష వచ్చాక తప్పేమిటి, ఒప్పేమిటి, జనం ఎలా అంటే అదే భాష అంటారు. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూనే ఈ మాట అంటుంటే నాకు బాధ కలుగుతుంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి అంత నిశితంగా అచ్చులో తప్పులు చూసిన మనిషి తెలుగులో అరుదు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితులు తమ గ్రాంథికాన్ని తామే తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని ఆయన వాళ్ల పుస్తకాల్లోంచే చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' ఆ పనే చేసింది. ఆయన ఉద్యమానికి బలం ఆవేశంలోంచి మాత్రమే రాలేదు, ప్రయోగం చూపించి మాట్లాడే అలవాటులోంచి వచ్చింది. సవరల భాషను చెవితో విని, ప్రతి ధ్వనికీ సరైన గుర్తు కోసం ఏళ్ల తరబడి శ్రమపడిన మనిషి 'ఎలా రాసినా ఒకటే' అనగలడా? ఆయన కోరింది బతికున్న భాషకు అచ్చులో చోటు. నిర్లక్ష్యానికి కాదు.

అరసున్నలు పోయాయి, బండి ఱ దాదాపు పోయింది, సంధులు విడిపోయాయి, మాండలికాలు కథల్లోకి దర్జాగా వచ్చాయి. వీటిలో దేన్నీ నేను తప్పు అనడం లేదు. శ్రీకాకుళం మాటను శ్రీకాకుళంలా, పాలమూరు మాటను పాలమూరులా రాసే రచయితకు అక్షరం దగ్గర ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఆ మాటకు నిఘంటువులో అండ ఉండకపోవచ్చు. ఆయన రాసింది వదిలేసి డీటీపీ చేసినవారు తమకు తెలిసిన పుస్తక భాషలోకి మార్చేస్తే, అది కూడా అచ్చుతప్పే. చాలా పెద్ద తప్పు.

ఇక డబ్బు లేదనే వాదన. ఇది వాదన కూడా కాదు, కష్టం. తెలుగులో చాలా పుస్తకాలు ఐదొందల ప్రతులు అచ్చవుతాయి, అవీ రచయిత జేబులోంచి. అక్షరాలు ఒక్కొక్కటిగా పేర్చే రోజుల్లో గ్యాలీ ప్రూఫు తీసి, ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు దిద్దేవారు. మళ్లీ పుటలు కట్టాక ఒకసారి, ఫారం అచ్చుకు ఎక్కే ముందు మరోసారి చూసేవారు. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి అచ్చుకు అంత పేరు రావడానికి ఈ శ్రమే కారణం. వావిళ్ల ప్రతి అంటే పండితుడు కళ్లు మూసుకుని చేతిలోకి తీసుకునేవాడు. ఇవాళ ఆ మనుషులు లేరు. రచయిత తన ప్రూఫు తనే చూసుకుంటాడు, తను రాసింది ఏమిటో మనసుకు ముందే తెలుసు కాబట్టి కన్ను తప్పును దాటేస్తుంది. అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్‌లోకి మారేటప్పుడు వత్తులూ పొల్లులూ చెదిరిపోతాయి, ఎవరూ రెండోసారి చూడరు.

ఈ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ అది తప్పు పడడానికి కారణం చెబుతుందే గాని, తప్పు ఉండిపోవడానికి కారణం కాదు. పాత కాలంలో అచ్చు అయిపోగానే పేర్చిన అక్షరాలు విడగొట్టేసేవారు. మళ్లీ ముద్రించాలంటే మొదటినుంచీ కూర్చాలి, పాత తప్పు దిద్దితే కొత్త తప్పు పడేది. అంత ఇబ్బందిలోనూ వాళ్లు పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేసేవారు. ఇప్పుడు ఫైలు కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది. ఒక పాఠకుడు ఇరవై తప్పులు రాసి పంపితే అరపూటలో దిద్దుకోవచ్చు. యాభై ప్రతులు కావాలంటే యాభైయే వేసుకునే సౌకర్యం వచ్చింది. దిద్దుబాటు ఇంత చవకైన రోజు మునుపెన్నడూ లేదు. ప్రూఫు చూసేవారికి డబ్బు ఇవ్వలేని ప్రచురణకర్తకు ఉచితంగా ప్రూఫు చూసి పెడుతున్న పాఠకుడు దొరికితే, అతణ్ణి రంధ్రాన్వేషి అని తరిమేయడం ఏం లెక్క?

ఒకసారి నాకు ఎంతో నచ్చిన జీవితచరిత్ర కొత్త ముద్రణలో కొన్ని సంవత్సరాలూ పేర్లూ మారిపోయి ఉంటే, పుటల నంబర్లతో ప్రచురణకర్తకు ఉత్తరం రాశాను. ఆయన ఫోన్ చేసి, "మీకు పుస్తకం నచ్చలేదాండీ?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడం ఉంది. నచ్చని పుస్తకాన్ని ఎవరు ఆ చివరిదాకా చదువుతారు? నచ్చని పుస్తకంలో తప్పు కనబడితే మూసి పక్కన పెడతాం. ఉత్తరం రాసేది నచ్చిన పుస్తకం గురించే.

నేను కుర్రవాళ్లకు తప్పకుండా చదవమని చెప్పే పుస్తకాల్లో తిరుమల రామచంద్ర గారి ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాకా' ఒకటి. ఆయన చనిపోయాక, దానికి 2001 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. లాహోరులో తాళపత్రాల మధ్య పనిచేసి, తర్వాత తెలుగు పత్రికల్లో జీవితం గడిపి, మన లిపి పుట్టుక గురించి పుస్తకం రాసిన మనిషి ఆయన. చదువు కోసం దేశమంతా తిరిగిన ఆ కథ చదివితే, డబ్బూ అండా లేని పల్లెటూరి పిల్లవాడికి కూడా 'నేనూ నేర్చుకోగలను' అనే ధైర్యం వస్తుంది. అందులో ఎన్ని ఊళ్లు, ఎంతమంది పండితులు, ఎన్ని గ్రంథాల పేర్లు! అలాంటి పుస్తకంలోంచి ఒక పేరు పట్టుకుని కుర్రవాడు గ్రంథాలయానికి బయలుదేరతాడు. ఆ పేరులో అక్షరం మారితే అతడికి ఆ పుస్తకం దొరకదు, ఆ మనిషి దొరకడు. స్ఫూర్తినిచ్చే పుస్తకానికే నిర్దుష్టత ఎక్కువ అవసరం అని నేను అనేది ఇందుకే. ఎందుకూ కొరగాని పుస్తకంలో తప్పు ఎవరినీ ఎక్కడికీ తీసుకుపోదు. మంచి పుస్తకాన్ని నమ్మి మనుషులు నడుస్తారు.

తప్పు చూపించడాన్ని అవమానంగా కాకుండా సాయంగా తీసుకున్న రచయితలు లోకంలో లేకపోలేదు. 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రాసిన డొనాల్డ్ నూత్ తన పుస్తకాల్లో తప్పు మొదట చూపించిన ప్రతివారికీ 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. అంటే 256 సెంట్లు, పదహారు ఆధారంగా సాగే కంప్యూటర్ లెక్కలో ఒక డాలరు. చాలామంది ఆ చెక్కు మార్చుకోకుండా పటం కట్టించుకున్నారు. బ్యాంకు మోసాల భయంతో 2008లో అసలు చెక్కులు ఆపి, బదులుగా ఉత్తుత్తి బ్యాంకు పేరుతో ప్రశంసాపత్రాలు పంపడం మొదలుపెట్టాడు గాని, బహుమతి ఇవ్వడం మానలేదు. 1977లో తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫులు అందవికారంగా వచ్చాయని బాధపడి, సొంతంగా అచ్చుకూర్పు వ్యవస్థ 'టెక్' తయారుచేయడానికి కూర్చున్నాడు. ఆ టెక్‌లో తను చేసిన తప్పుల చిట్టా కూడా 1989లో అచ్చువేశాడు. దీనివల్ల ఆయన పరువు తగ్గిందా? గణితం రాసే లోకమంతా ఇవాళ ఆయన పనిముట్టు వాడుతోంది. ఆయన పుస్తకం చదివి కంప్యూటర్ ఉద్యోగాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ కథ తెలుసు. ఆ అలవాటును తెలుగు పుస్తకాల దగ్గరికి ఎందుకు తీసుకురామో నాకు అర్థం కాదు.

పత్రికల సంగతీ అంతే. తప్పు ఒప్పుకుంటే పాఠకుడికి నమ్మకం పోతుందని మన దగ్గర అనుకుంటారు. లండన్ నుంచి వచ్చే గార్డియన్ 1997లో పాఠకుల సంపాదకుడిని నియమించి, రోజూ ఒకే చోట సవరణలు వేయడం మొదలుపెట్టింది. మన దేశంలో హిందూ పత్రిక 2006లో ఆ పద్ధతి తెచ్చింది. నిన్నటి సంచికలో ఫలానా పుటలో ఫలానా పేరు తప్పు పడింది, అది ఇలా ఉండాలి అని నాలుగు వరుసలు. అంతే. దాన్ని చదివినవాడికి, మిగిలిందంతా ఎవరో చూస్తున్నారనే భరోసా కలుగుతుంది. తప్పు తెలిస్తే తగిన ప్రాముఖ్యంతో సవరణ వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా చెబుతోంది. రోజూ పాఠకుడు చూసుకోగలిగే స్థిరమైన సవరణల చోటు మాత్రం తెలుగు దినపత్రికల్లో ఇంకా అలవాటు కాలేదు.

తప్పులు పట్టేవారిలో పొగరు చూపేవారు ఉన్నారు, కాదనను. నలుగురిలో రచయితను చిన్నబుచ్చడానికి ఒక వత్తు పట్టుకుని ఊరేగేవారు, తమకు తెలియని మాండలిక పదాన్ని తప్పు అనేవారు, రెండు అచ్చుతప్పులు చూపించి పుస్తకాన్నంతా కొట్టిపారేసేవారు. వాళ్లను నేను సమర్థించడం లేదు. వాళ్ల దోషం తప్పు చూడడంలో లేదు, చూసినదాన్ని వాడుకున్న తీరులో ఉంది. వాళ్ల సాకుతో నిజాయితీ ఉన్న పాఠకుడి నోరు నొక్కవద్దనే నా మాట.

అందుకని పాఠకులకు ఒక విన్నపం. పుస్తకం నచ్చితే పేరు చెప్పి నలుగురిచేత చదివించండి. అందులో తప్పు కనబడితే మూలం చూసి, పుట, వరుస, ఉన్న మాట, ఉండవలసిన మాట ఒక కాగితం మీద రాసి రచయితకు నేరుగా పంపండి. అదే ఉత్తరంలో ఆ పుస్తకం మీకు ఎందుకు నచ్చిందో కూడా రాయండి. ప్రచురణకర్తలకు మరొకటి. ముద్రణ వివరాలు వేసే పుటలో ధర కింద ఒక్క వరుసకు చోటు ఉంటుంది. తప్పులు కనబడితే తెలియజేయవలసిన చిరునామా అక్కడ వేయండి. వచ్చిన ఉత్తరాలకు జవాబు ఇవ్వండి. రెండో ముద్రణలో సవరణలు చేసినప్పుడు, వాటిని పంపినవారి పేర్లు ముందుమాట కింద వేయండి.